బ్రెంట్ కుడి గ్లవ్‌కి కట్టని చీటీ

ఆ ఏడు సెప్టెంబరు రెండో సోమవారం నన్ను గ్లవ్స్ టేబుల్‌కి మార్చారు. అంతకుముందు రెండేళ్ళు అదే గదిలో జెర్సీలు, మేజోళ్ళు కుట్టేదాన్ని. ఊరు వర్జీనియాలో ఆష్‌బర్న్‌కి పది నిమిషాల దూరం. ఉద్యోగం ఒక ఐస్ హాకీ జట్టులో. జట్టు పేరు చెప్పను, మనుషుల పేర్లు కూడా మార్చే చెబుతున్నాను. పెద్ద లీగుకి ఒక మెట్టు కింద ఆడే జట్టు. అందరూ జీతానికి ఆడేవాళ్ళే.

నేను చదివింది మూడో తరగతి. ఇంగ్లీషులో అంకెలు గుర్తుపడతాను, పేర్లు చూసి చూసి బొమ్మలా గుర్తుపెట్టుకుంటాను. నేను చెబుతుంటే ఇది మా చెల్లెలి కోడలు రాస్తోంది. మా ఆయన దర్జీ. షాంటిలీలో ఇండియన్ కిరాణా కొట్టు పక్కన ఇద్దరం ఆల్టరేషన్ల దుకాణం పెట్టుకుని చాలా ఏళ్ళు నడిపాం. ఆయన పోయాక ఆ కౌంటర్ వెనక ఒక్కదాన్ని కూర్చోలేక మూసేశాను. హాకీవాళ్ళకి తోలు లాంటివి కుట్టే పెద్ద మిషన్ మీద పనిచేసే మనిషి కావాలట అని ఎవరో చెబితే వెళ్ళాను. పెళ్ళికి ముందు గుంటూరులో స్కూలు సంచులు కుట్టే షెడ్డులో పని చేసిన చెయ్యి నాది. తోలు, మందపు గుడ్డ నాకు కొత్త కాదు. సామాను గదికి పెద్ద అయిన డెన్నిస్ చిరిగిన గ్లవ్ ఒకటి నా ముందు పడేశాడు. కుట్టి ఇచ్చాను. దాన్ని లోపలివైపు తిప్పి చూసి, సోమవారం రమ్మన్నాడు. నా ఇంటర్వ్యూ అంతే.

సామాను గది అంటే ఏమిటో చెప్పాలి. ఆటగాళ్ళ స్కేట్ల పదును, హెల్మెట్లు, ప్యాడ్లు, స్టిక్‌లు, ఉతుకులు, కుట్లు అన్నీ అక్కడే. దానికి డెన్నిస్ మేనేజరు. అతని కింద ఇద్దరు సహాయకులు, వాళ్ళ తర్వాత నేను. కోచ్ కూడా ఆ గదిలోకి వస్తే డెన్నిస్‌ని అడిగే వస్తువు ముట్టుకుంటాడు. ఆ గదికి ఒక కట్టుబాటు ఉంది. ఏ చిన్న మరమ్మతు చేసినా వస్తువుకి చీటీ కట్టాలి. ఎవరి వస్తువు, ఏ రోజు, ఏం చేశాం అని అందులో ఉండాలి. సాయంత్రం డెన్నిస్ చీటీలన్నీ చదివి డబ్బాలో వేస్తాడు. నాకు రాయడం రాదు కాబట్టి నా చీటీల మీద ఆటగాడి నంబరు, తారీఖు అంకెలు వేసి, కింద ఆ వస్తువు బొమ్మ గీసి కుట్టిన చోట ఇంటూ పెట్టేదాన్ని. మొదట్లో నవ్వారు. తర్వాత డెన్నిస్ నా పేరు ఎత్తి తన సహాయకులతోనే అన్నాడు: "మీ రాత కంటే రమణ బొమ్మే నయం. కనీసం ఎక్కడ కుట్టిందో తెలుస్తోంది."

సెప్టెంబరు అంటే క్యాంపు. సీజన్ మొదలవడానికి ముందు జట్టుకి కావలసినవాళ్ళకి రెట్టింపు మంది వస్తారు. మొదట డాక్టరు పరీక్ష, తర్వాత పరుగులు, బరువులు, ఆ తర్వాత ఐస్ మీద సాధన, నాలుగైదు పోటీ లేని మ్యాచ్‌లు. రెండు వారాల్లో సగం మందిని పంపేస్తారు. క్యాంపులో ఎవరి జెర్సీ మీదా పేరు ఉండదు, నంబరే. చివరి శనివారం డెన్నిస్ నా చేతికి పేర్ల పట్టీలు ఇస్తాడు. వాటిని జెర్సీల వీపు మీద కుడితే అదే ఆ ఏటి జట్టు. పట్టీ రానివాళ్ళు పెట్టె సర్దుకుంటారు.

ఆ ఏడు జట్టు ఎలా ఉంటుందని అందరికీ ఆత్రం. అందరికంటే ఆత్రం శ్రేయకి. ఆ పిల్ల జట్టు మీడియా ఆఫీసులో పనిచేసేది. వాళ్ళ అమ్మానాన్నలది ఏలూరు, పిల్ల పుట్టి పెరిగింది ఇక్కడే. ఆ సీజన్‌లో జట్టు అవకాశాల మీద వెబ్‌సైట్‌కి పెద్ద వ్యాసం రాయమని పై వాళ్ళు చెప్పారు. శుక్రవారం సాయంత్రానికి అది బయటికి పోవాలి. మధ్యాహ్నం అన్నం డబ్బా తెచ్చుకుని నా టేబుల్ పక్కన కూర్చునేది. పెద్దవాళ్ళని మీరు అనడం ఆ పిల్లకి నోరు తిరగదు. నాకు అది బాగానే ఉండేది.

"ఆంటీ, నువ్వు చెప్పు. ఈ ఇయర్ మనం ప్లేఆఫ్స్ వెళ్తామా?"

"నన్నడుగుతావేంటే? నేను చూసేది గ్లవ్స్. కోచ్‌ని అడుగు."

"అడిగాను ఆంటీ! ఆయన ఎప్పుడూ సేమ్ ఆన్సర్. 'వన్ గేమ్ ఎట్ ఎ టైమ్' అంటాడు. అది నేను హెడ్‌లైన్ పెట్టాలా?"

తర్వాత తనే చెప్పేది. గోల్‌కీపర్ గట్టివాడు. వెనక కాపు కాసేవాళ్ళు కుర్రవాళ్ళు, తప్పులు చేస్తారు గానీ కాళ్ళు వేగం. గోల్స్ కొట్టేవాళ్ళు ఇద్దరున్నారు. కానీ ఆడే రబ్బరు బిళ్ళ, పక్ అంటారు, అది వాళ్ళ దగ్గరికి చేరాలి. అది చేర్చేవాడు ఒక్కడే, కెప్టెన్ బ్రెంట్. "బ్రెంట్ ఓకే అయితే మనం టాప్ త్రీ. బ్రెంట్ ఓకే కాకపోతే... ఆంటీ, నాకు ప్లాన్ బి లేదు" అనేది.

అది నిజం. ఐస్ హాకీలో ఆట ఆగిన ప్రతిసారీ రిఫరీ ఇద్దరి మధ్య పక్ పడేస్తాడు. ఎవరు స్టిక్‌తో లాక్కుంటే ఆట వాళ్ళ చేతిలో ఉంటుంది. దాన్ని ఫేసాఫ్ అంటారు. ఆ పని మణికట్టుది, వేళ్ళ పట్టుది. బ్రెంట్‌కి అప్పటికి ముప్పై ఐదు. పద్నాలుగేళ్ళుగా ఆ పనే చేస్తున్నాడు. కిందటి ఏడు చివర్లో అతని కుడి చేతి మీద ఎవరి స్టిక్కో బలంగా తగిలింది. వేసవిలో పాత ఒప్పందం అయిపోయింది. కొత్తది ఇవ్వలేదు. క్యాంపుకి రా, ఆడి చూపించు, అప్పుడు సంతకం అన్నారు. కెప్టెన్ అయినా సరే, ఆ రెండు వారాలు అతనూ పేరు లేని జెర్సీలోనే ఆడాడు.

బ్రెంట్ నాకు కావలసినవాడు. నేను చేరిన మొదటి చలికాలం పార్కింగ్‌లో నా కారు స్టార్ట్ కాలేదు. తన బండి తెచ్చి వైర్లు తగిలించి, నాది కదిలేదాకా మంచులో నిలబడ్డాడు. జట్టుకి పిజ్జాలు వస్తే ఒక డబ్బా మీద కాగితం అంటించేవాడు. అందులో మాంసం లేదు, ఇది ఆంటీది, ముట్టుకుంటే ఫైన్ అని దాని మీద రాసి ఉంటుందని శ్రేయ చదివి చెప్పింది. ఆ పిల్ల నన్ను ఆంటీ అంటుంటే విని అతనూ అలాగే పిలిచాడు, అతన్ని చూసి జట్టంతా.

క్యాంపు మొదటి రోజే, మంగళవారం, తన గ్లవ్స్ నా టేబుల్ మీద పెట్టాడు. గ్లవ్‌లో మిగతాదంతా గట్టి ప్యాడింగు, అరచేతి వైపు మాత్రం పల్చటి తోలు. అదే ముందు అరుగుతుంది. దాన్ని కుట్లు విప్పి తీసేసి, కొత్త తోలు కత్తిరించి, గ్లవ్‌ని లోపలికి తిప్పి కుట్టాలి. ఎంత చిన్న మడత పడినా ఆటగాడి చేతికి తెలుస్తుంది. బ్రెంట్‌కి స్టిక్ పై కొన పట్టుకునేది కుడి చెయ్యి. పై చేతి గ్లవ్ ఎవరిదైనా వేళ్ళ మొదళ్ళ దగ్గర, చిటికెన వేలు, ఉంగరం వేలు వైపు అరుగుతుంది. ఎందుకంటే పట్టు అంతా ఆ రెండు వేళ్ళదే. బ్రెంట్ కుడి గ్లవ్‌లో ఆ రెండు వేళ్ళ తోలు కొత్తదానిలా ఉంది. అరచేతి మడమ దగ్గర, అంటే మణికట్టుకి పైన ఉబ్బుగా ఉండే చోట, మాత్రం చిల్లు పడింది.

చూశాను. వేసవిలో పట్టుకునే తీరు మార్చుకున్నాడేమో అనుకున్నాను. అనుకోవాలనిపించి అనుకున్నాను.

"ఆంటీ, ఇక్కడ లోపల కొంచెం మందంగా ఏమైనా పెడతావా? స్టిక్ జారుతున్నట్టుంది" అని ఆ మడమ చోటు చూపించాడు.

రెండు పొరల మధ్య అర వేలు మందాన ఉన్ని ముక్క పెట్టి కుట్టాను. అది ఆట నిబంధనకి తప్పు కాదు. చీటీ తీసి నంబరు వెయ్యబోతే నా చెయ్యి మీద చెయ్యి పెట్టాడు.

"చీటీ ఎందుకులే. డెన్నిస్ వంద ప్రశ్నలు వేస్తాడు. చేతికి సుఖంగా ఉంటుందని పెట్టించుకున్నాను, అంతే."

నేను చీటీ కట్టలేదు. ఆ గదిలో రెండేళ్ళలో నేను చీటీ లేకుండా ఇచ్చిన మొదటి వస్తువు అదే.

మ్యాచ్‌లు మొదలయ్యాయి. ఉన్ని ముక్క ఆనుకుని స్టిక్ కొన కదలకుండా నిలిచేది. మొదటి రెండు మ్యాచ్‌ల్లో బ్రెంట్ ఫేసాఫ్‌లు ఎడాపెడా గెలిచాడు. కుర్రవాళ్ళు బెంచీ మీద లేచి నిలబడి స్టిక్‌లతో గోడ కొట్టారు. "ముసలాయనా, ఇంటికెళ్ళి మందులేసుకుంటావా, లేక ఇంకో పదేళ్ళు ఉంటావా?" అని ఒకడు గదిలో అరిచాడు. "నీ పెళ్ళిదాకా ఉంటాను. అంటే ఎప్పటికీ ఉంటాననుకో" అన్నాడు బ్రెంట్. గదంతా నవ్వింది, నేనూ నవ్వాను. శ్రేయ పరిగెత్తుకొచ్చి, "ఆంటీ, హి ఈజ్ బ్యాక్! నా ఆర్టికల్ సగం అయిపోయింది" అంది. డెన్నిస్ మామూలుగా ఏడాదికి ఒకసారి కూడా మంచిమాట అనడు. ఆ రోజు స్కేట్ పదును పెడుతూ, ఈ ఏడు ఏప్రిల్ తర్వాత కూడా మనకి పని ఉండేటట్టుంది అన్నాడు. ఏప్రిల్ తర్వాత పని ఉండటం అంటే జట్టు ప్లేఆఫ్స్‌కి చేరడం.

నాకు గర్వం కూడా వచ్చింది. అది దాచను. ఇంత పెద్ద జట్టు గెలుపు నా ఉన్ని ముక్క మీద నిలబడిందని లోపల్లోపల అనుకున్నాను.

తొమ్మిదో రోజు, బుధవారం, బ్రెంట్ గ్లవ్ మళ్ళీ తెచ్చాడు. ముక్క నలిగిపోయింది, ఇంకా మందంగా కావాలన్నాడు. కుట్లు విప్పి అరచేతి తోలు తీసి దీపం కింద పెట్టాను. తొమ్మిది రోజులు ఆడినా ఆ రెండు వేళ్ళ తోలు మీద గీత కూడా పడలేదు. మడమ చోటు మాత్రం మాడినట్టు నల్లబడింది. వేళ్ళు ముడవకుండా, స్టిక్ కొనని మణికట్టు బలంతో నొక్కి పట్టి ఆడుతున్నాడని అప్పుడిక నాకు నేను అబద్ధం చెప్పుకోలేకపోయాను.

గదిలో ఎవరూ లేరు. నా పెద్ద కత్తెర తీసి అతని ముందు పెట్టాను.

"కుడి చేత్తో ఎత్తు" అన్నాను.

"కత్తెరెందుకు ఆంటీ?"

"ఎత్తవయ్యా, చూస్తాను."

బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళతో ఎత్తాడు. ఉంగరం వేలు, చిటికెన వేలు పక్కకి నిలబడ్డాయి. ముడవమంటే ముడవలేకపోయాడు. నొప్పి లేదట. నొప్పి ఉంటే బాగుండేది, ఆ వేళ్ళు అసలు నా మాట వినడం లేదు అన్నాడు. వేసవి నుంచీ అంతేనట. డాక్టరు పరీక్షలో చెయ్యి పిసికి చూపించమంటే ఆ మూడు వేళ్ళతోనే గట్టిగా పిసికి దాటేశాడట.

ఇక్కడ మా ఆయన సంగతి చెప్పాలి. ఆయన చెయ్యి మంచి చెయ్యి. సుద్ద గీత మీద కత్తెర పెడితే వెంట్రుక వాసి తేడా రాదు. చివరి ఏడాది గీత దాటడం మొదలైంది. ముందు చిన్నగా, తర్వాత వేలెడు. ఆయన టీకి వెళ్ళినప్పుడు ముక్కలు నేను సర్ది మళ్ళీ కత్తిరించి, కుట్టులో కలిపేసేదాన్ని. గిరాకీలకి తెలియకూడదని, ఆయన మనసు కష్టపడకూడదని. ఆరు నెలలు అలా సర్దాను. చివరికి ఆస్పత్రికి తీసుకెళితే తలలో గడ్డ అన్నారు. ఎన్నాళ్ళ నుంచి చెయ్యి తేడా చేస్తోందని డాక్టరు అడిగితే ఆరు నెలలని చెప్పాల్సి వచ్చింది.

బ్రెంట్‌కి అదంతా నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పలేకపోయాను. ఒక్కటే చెప్పాను. ఇక ఉన్ని పెట్టను, నువ్వే వెళ్ళి జట్టు ఫిజియోకి చూపించు.

"శనివారం దాకా ఆగు ఆంటీ. మూడు రోజులు. సంతకం అయ్యాక నేనే చూపిస్తాను. ఇప్పుడు చూపిస్తే ఈ ఏడు కాదు, ఇక ఏ ఏడూ లేదు. ముప్పై ఐదేళ్ళవాడిని మళ్ళీ ఎవరు పిలుస్తారు?"

"అర్థమవుతోంది."

"నాకు వేరే పని రాదు. నిజంగా రాదు."

"అది కూడా అర్థమవుతోంది. రేపు ప్రాక్టీసు మొదలయ్యేలోగా నువ్వు చెప్పు. చెప్పకపోతే నేను చీటీ కడతాను."

"నువ్వు కట్టవు" అన్నాడు. కోపంగా కాదు. నేను మంచిదాన్నన్న నమ్మకంతో అన్నాడు. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

గురువారం పొద్దున బ్రెంట్ అందరితో పాటే వచ్చి స్కేట్లు కట్టుకుంటున్నాడు. నా వైపు చూసి తల దించుకున్నాడు. ఫిజియో తన గదిలో కాఫీ తాగుతున్నాడు. నేను చీటీ తీశాను. అతని నంబరు వేశాను. తారీఖులు రెండు వేశాను, ముక్క పెట్టిన రోజుది, ఆ రోజుది. గ్లవ్ బొమ్మ గీసి మడమ దగ్గర ఇంటూ పెట్టాను. రెండు వేళ్ళ మీద పెద్ద సున్నాలు చుట్టాను. ముందురోజే ఉన్ని లేకుండా కొత్త తోలు కుట్టి ఉంచిన గ్లవ్‌కి దాన్ని కట్టి, పాత తోలు పక్కన పెట్టి, అన్నీ డెన్నిస్ టేబుల్ మీదికి తీసుకెళ్ళాను.

డెన్నిస్ చీటీ చూశాడు, తోలు చూశాడు. అతనికి నేను వివరించాల్సిన పని లేదు. ముప్పై ఏళ్ళుగా అవే తోళ్ళు చూస్తున్నవాడు.

"ఎన్నాళ్ళు?"

"తొమ్మిది రోజులు."

"తొమ్మిది రోజులు నా గదిలోంచి చీటీ లేకుండా వస్తువు వెళ్ళింది" అన్నాడు. గొంతు పెంచలేదు. లేచి ఐస్ దగ్గరికి వెళ్ళి బ్రెంట్‌ని వెనక్కి పిలిచాడు. కెప్టెన్ ఐస్ మీద అడుగు పెట్టకుండానే ఫిజియో గదిలోకి వెళ్ళడం అందరూ చూశారు. ఎవరి స్టిక్ వాళ్ళు తీసుకుని ఐస్ మీదికి వెళ్ళిపోయారు. ఆ గదిలో అలాంటప్పుడు అడగరు.

మధ్యాహ్నం స్కానింగు. మణికట్టు దగ్గర ఆ రెండు వేళ్ళకి పోయే నరం నలిగి ఉంది. ఆపరేషన్ కావాలి, ఆ సీజన్ అయిపోయినట్టే. ఫిజియో ఇంకో మాట కూడా అన్నాడని డెన్నిస్ నాకు దాచకుండా చెప్పాడు. మడమ మీద భారం వేసి ఆడిన ఈ తొమ్మిది రోజులు లేకపోతే కట్టు కట్టి విశ్రాంతి ఇస్తే తేరుకునేదేమో, తేల్చి చెప్పలేను అన్నాడట. నన్ను గ్లవ్స్ టేబుల్ నుంచి తీసేసి మళ్ళీ మేజోళ్ళకి వేశారు. నేను కాదనలేదు.

సాయంత్రం శ్రేయ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆంటీ, నీకు తెలుసా? మొదటి నుంచి?"

"అనుమానం ఉంది. తెలుసు అనుకో."

"నేను రోజూ నీ పక్కనే కూర్చున్నాను. బ్రెంట్ బాగున్నాడు అని రాస్తున్నాను. నువ్వు ఏమీ చెప్పలేదు."

"నీకు చెప్పే సంగతి కాదమ్మా అది. చెప్పాల్సినవాళ్ళకి కూడా చెప్పలేదు."

కాసేపు గోళ్ళు కొరుక్కుంది. "ఇప్పుడు నేను ఏం రాయాలి?"

"గోల్‌కీపర్ ఉన్నాడుగా. కుర్రవాళ్ళ కాళ్ళు ఉన్నాయిగా. ఉన్నది రాయి."

ఉన్నదే రాసింది. గోల్‌కీపర్ మీద ఆశ, మధ్యలో పెద్ద ఖాళీ. ఆ పిల్ల అంచనా తప్పలేదు. ఆ ఏడు జట్టు ఫేసాఫ్‌లు పోగొట్టుకుంటూనే ఉంది. గోల్‌కీపర్ ఒక్కడే ఎన్నని ఆపుతాడు? ప్లేఆఫ్స్ కొద్దిలో తప్పిపోయాయి. ఏప్రిల్ రెండో వారానికే గది తాళం వేశాం.

బ్రెంట్ క్యాంపు చివరి శనివారమే సామాను తీసుకోవడానికి వచ్చాడు. ఎడమ చేత్తో సర్దుకుంటున్నాడు. నేను పేర్ల పట్టీలు కుడుతున్నాను, అతని పేరు లేని పట్టీలు. సాయం చెయ్యనా అంటే వద్దన్నాడు. కుడి గ్లవ్ తీసి లోపలివైపు ఒకసారి చూసుకున్నాడు.

"కుట్టు బాగా కుట్టావు. అదే ఇబ్బంది" అన్నాడు. సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. ఆపరేషన్ అయిందని, వేళ్ళు కొంత ముడుస్తున్నాడని డెన్నిస్ ద్వారా తెలిసింది. ఆట మాత్రం మళ్ళీ ఆడలేదు.

జనవరిలో డెన్నిస్ నన్ను తిరిగి గ్లవ్స్ టేబుల్ మీద కూర్చోబెట్టాడు. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ఒక పద్ధతి నడిచింది. విప్పిన పాత తోలు పారెయ్యకుండా, నంబరు వేసి గోడకున్న చెక్క మీద మేకుకి తగిలించేవాళ్ళం. వారానికోసారి ఫిజియో వచ్చి వరసగా చూసుకుని పోయేవాడు. ఇద్దరు ముగ్గురి చేతుల్లో తేడా అలా ముందే బయటపడింది. వాళ్ళు కొన్ని వారాలు కూర్చుని మళ్ళీ ఆడారు.

కుట్టుపని నేర్చుకునేవాళ్ళు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. తోలు ఎక్కడ అరిగిందో, ఎక్కడ అరగలేదో చూడకుండా కొత్త తోలు వెయ్యకూడదు. వేశాక చీటీ లేకుండా చెయ్యి దాటనివ్వకూడదు. ఎదుటి మనిషి మంచివాడైతే మరీను. ఎవరు ఆడాలో, ఎవరు ఆగాలో తేల్చడం నా పని కాదు. నేను చూసింది చూపించడం వరకే నా పని. బ్రెంట్ విషయంలో ఆ పని తొమ్మిది రోజులు ఆలస్యంగా చేశాను.